బంగారప్పకు నోరు వచ్చిన విధము

యాత్ర యనగా మనలో పలువురకు క్షేత్రదర్శనమో, పుష్కరస్నానమో మనసునకు వచ్చును. మేము మొన్నటి సంక్రాంతికి ముందు చేసిన యాత్ర అట్టిది కాదు. విజయనగరమునుండి శ్రీకాకుళమునకు పోవుట యెంతటి ప్రయాణము? కాని మా చేతిలోని మూటను చూచినవారెల్ల ముసిముసి నవ్వులు నవ్విరి. అందులో నున్నవి యివి: సోఫాలు కుట్టువారి అంగడిలో మిగిలిన స్పాంజి ముక్కలు, చెప్పుల పనికి వాడెడి జిగురుడబ్బా, రెండు టేబుల్ టెన్నిసు బంతులు, విరిగిన గొడుగునుండి ఊడదీసిన రెండు ఊచలు. వీనితో నొక బొమ్మను చేసి, ఆ బొమ్మ చాటున నొక బాలికను మాటలాడింపవలెనని మా సంకల్పము.

ఆ బాలిక శ్రీకాకుళములోనున్న మా తమ్ముని కుమార్తె. ఎనిమిదేండ్లది. తెలివికి లోటు లేదు, అల్లరికి అంతకన్న లేదు. మాటలో మాత్రము నత్తి కలదు. నిరుడు బొమ్మల కొలువు పేరంటమునకు వచ్చిన యొక పెద్దమ్మగారు ముద్దుగా గడ్డము పట్టుకొని పేరడిగిరి. ఆ పేరులోని మొదటి యక్షరము పెదవులయొద్దనే నిలిచిపోయెను. తోడిపిల్లలు నవ్విరి. పెద్దలలోను ఒకరిద్దరు నవ్వు నాపుకొనలేకపోయిరి. నాటినుండి కొత్తవారి యడుగుల చప్పుడు వినబడినచో ఆ పిల్ల పెరటిలోనికి పోవును. బడిలో పాఠము అప్పజెప్పుమన్న తల వంచుకొని నిలుచుండును.

ఇంటివారము మేమును తప్పు చేయుచునే యుంటిమి. ఆమె యొక మాటకై తడుముకొనునప్పుడు చూచి యోర్వలేక, ఆ మాటను మేమే పూరించి యందించుచుంటిమి. అది దయయని మా తలంపు. మాట నేర్పు వైద్యురాలు అది దయ కాదనియు, పిల్ల మాటను పిల్లకే విడువవలెననియు చెప్పినది. ఆమె మరియొక సంగతి కూడ చెప్పినది. నత్తి గలవారిలో పెక్కురు పాట పాడునప్పుడును, పెంపుడు జంతువులతో మాటలాడునప్పుడును, వేరొకరి గొంతు పెట్టి వేషము కట్టునప్పుడును తడబడరట. మా మేనకోడలు పిల్లితో ముచ్చటలాడుట మేమును వినియుంటిమి. ఒక్క తొట్రుపాటైన లేదు.

మార్గశిరమాసములో మా మరదలు ఫోనుచేసి, “ఈ యేడు కొలువు పెట్టొద్దనుకుంటున్నాను వదినా. పేరంటానికి నలుగురూ వస్తారు, అది పెరట్లో కూర్చుని ఏడుస్తుంది” అనినది. అప్పుడు మాలో చిన్నయామె, “అప్పా, కొలువులో బొమ్మలన్నీ మూగవే. మాట్లాడే బొమ్మనొకదాన్ని పెడితే?” అనినది. ఆ మాటయే మా యాత్రకు మూలము.

మాటలాడు బొమ్మలు మనవారికి కొత్తవి కావు. పదుమూడవ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున బొమ్మలాటను పేర్కొనియున్నాడు. నేటికిని రాయలసీమలోని నిమ్మలకుంట గ్రామమున తోలుబొమ్మలు చేయు కుటుంబములు కలవు. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. మేకతోలును పలుచగా గీచి, వెలుతురు చొచ్చునట్లు చేసి, రంగులు వేసి, కీళ్లను దారముతో కట్టుదురు. తెరవెనుక దీపముంచి ఆడింతురు. కుటుంబమంతయు అందు పాలు పంచుకొనును. స్త్రీపాత్రలకు స్త్రీలే గొంతునిత్తురు. కాని తోలుబొమ్మకు చేతులును తలయు కదలినట్లు నోరు సాధారణముగా కదలదు. మా పిల్లకు కావలసినది నోరు గల బొమ్మ.

అట్టి బొమ్మ మాకు సముద్రములకు ఆవల కనబడెను. అమెరికాలో జిమ్ హెన్సను అను యువకుడు 1955లో తన తల్లి వాడి విడిచిన ఆకుపచ్చ కోటును కత్తిరించి, టేబుల్ టెన్నిసు బంతిని రెండుగా కోసి కన్నులు పెట్టి, కెర్మిట్ అను బొమ్మను చేసినాడు. చేయి లోపల దూర్చి వ్రేళ్లతో నోరు తెరచి మూయుచు ఆడించునది యది. ఆ తొలిబొమ్మ నేడు వాషింగ్టనులోని స్మిత్సోనియన్ ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. తరువాతి కాలమున ఇట్టి బొమ్మలను ఫోముతో చేసి, పైన ఫ్లీసు అను మెత్తని నూగుబట్టను తొడుగుట వాడుక యైనది. ఫోమనగా మనము స్పాంజి యనునదియే. ఫ్లీసనగా చలికాలమున కప్పుకొను మెత్తని శాలువలకును దుప్పట్లకును వాడెడి బట్ట. నూలు కాదు, ఉన్నియు కాదు, పాలియెస్టరు. తల్లి కోటుతో లోకప్రసిద్ధమగు బొమ్మ పుట్టగలిగినచో, మన యింటి పాత బట్టలతో మేనకోడలికొక బొమ్మ పుట్టదా యని ధైర్యము తెచ్చుకొంటిమి.

విజయనగరము నాటకములకు పుట్టినిల్లు వంటిది. గురజాడవారి కన్యాశుల్కము 1892లో తొలిసారి ప్రదర్శింపబడినది ఇచ్చటనే. పాత్రలచేత ఇంటిమాట పలికించిన యూరిలో మాకొక బొమ్మ సరుకు దొరకకపోవునా? గంటస్తంభము చుట్టుపట్ల బజారంతయు తిరిగితిమి. సోఫాలు కుట్టు నతడు అరయంగుళము మందము గల స్పాంజి ముక్కలను ఒక సంచి నిండ నింపి, “దీనికి డబ్బులెందుకమ్మా, తుడిచి పారేసేదే గదా” యనినాడు. ఫ్లీసు మాత్రము గజములలెక్కన ఎచ్చటను దొరకలేదు. బొమ్మ చర్మము లేకయే బయలుదేరితిమి.

రైలు నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి దాటి పోవుచుండగా కోతలైన పొలములలో కుప్పలును, తాటిచెట్లును, దూరమున నీలపు కొండలును కనబడుచుండెను. బొమ్మకు చీర కావలెను గనుక పొందూరులో దిగితిమి. పొందూరు ఖద్దరు ఖ్యాతిని మీరు వినియే యుందురు. మేమొక యింటి యరుగుపై వడకుచున్న వృద్ధురాలి యొద్ద కొంతసేపు కూర్చుండితిమి. ఆమె పత్తిని శుభ్రపరచుటకు వాడు పనిముట్టు వాలుగచేప దవడ యెముక! సూదులవంటి ఆ చిన్న పండ్లతో గింజనంటియున్న పత్తిని దువ్వి, నలుసులు పోగొట్టి, దూదిపోగులను తిన్నగా చేయుదురు. ఏకులను అరటిదూటలో చుట్టి మైల సోకకుండ కాపాడుదురు. ఇంత శ్రమ పడిన తరువాతనే నూఱవ నెంబరు సన్ననూలు రాట్నముపై దిగును.

మా మూటను విప్పించి చూచి ఆమె, “ఇదేటమ్మా, ఇంత తేలిగ్గుంది?” అని స్పాంజిని పిసికి నవ్వినది. పిల్ల సంగతి చెప్పితిమి. ఆమె చేతిలోని పని యాపక, “పత్తైనా అంతేనమ్మా. లాగితే తెగిపోద్ది. దువ్వాల” అనినది. మేము ఒకరి మొగము నొకరు చూచుకొంటిమి. అరగజము తెల్లని ఖద్దరును కొని మరల రైలెక్కితిమి.

దూసి దాటినపిమ్మట నాగావళి వంతెన. నీరు సన్నగిలి ఇసుక తిన్నెలు మెరయుచుండెను. ఆమదాలవలసలోనున్న స్టేషనునకు శ్రీకాకుళం రోడ్డని పేరు. అచ్చటినుండి పట్టణమునకు బస్సులో పోయితిమి. ఏడురోడ్ల కూడలిలో దిగునప్పటికి దీపములు వెలిగినవి. ఇంటికి పోగానే మేనకోడలు వచ్చి మూటను పట్టుకొని, “పెద్దత్తా, ఇ...ఇ...” యని యాగిపోయెను. “ఇందులో ఏముంది” యన్న మాట మా నాలుక చివరకు వచ్చినది. దిగమ్రింగితిమి. కొంతసేపటికి ఆమెయే పూర్తిచేసెను.

బట్ట లేదని చెప్పగా మా మరదలు లోపలికి పోయి పెట్టె తీసినది. పసుపురంగు శాలువ. మా యమ్మ కడపటి రెండు చలికాలములు కప్పుకొనినది. రంగు కొంచెము వెలసినను నూగు చెడలేదు. ఎవ్వరము మాటలాడలేదు. అమ్మకు ఈ మనుమరాలనిన ప్రాణము. ఆ శాలువలోనే పొదివి కూర్చుండబెట్టుకొని కథలు చెప్పెడిది. కత్తెర పెట్టుటకు మా చేతులు రాలేదు. మరదలే, “పెట్టెలో పెట్టి పురుగులకి పెట్టేకన్నా ఇది మేలు కాదా, వదినా” అనినది. ఒక్కటే శాలువ, తప్పు కోసినచో మరియొకటి రాదు. కావున మొదట పాత బనియను బట్టతో నమూనా కుట్టి చూడవలెనని నిశ్చయించుకొంటిమి. ఈ జాగ్రత్తయే మమ్ము కాపాడినది.

మొదటి తల చెడిపోయినదని సిగ్గుపడక చెప్పుచున్నాము. కత్తెరతో కోసినందున స్పాంజి నలిగి అంచులు వాలుగా తెగినవి. జిగురు పూసిన వెంటనే అదిమినందున అతుకులు విడిపోయినవి. తల గుమ్మడికాయంత యయ్యెను. మేనకోడలు దానిని తన తలపై పెట్టుకొని యిల్లంతయు తిరిగినది. ఆ నవ్వు చూచిన పిదప ఆ నష్టము నష్టముగ తోచలేదు.

రెండవ తల కుదిరిన విధమును వివరించెదము. మీలో చేయదలచినవారికి పనికివచ్చును.

పదునెనిమిదంగుళముల పొడవు, ఏడంగుళముల వెడల్పు గల స్పాంజి ముక్కను కొత్త బ్లేడుతో, అదుమకుండ, మెల్లగా కోయవలెను. పొడవు వైపున చుట్టి రెండు కొనలను కలిపిన గొట్టమగును. పై యంచున నాలుగు చోట్ల కోణాకృతిగా ముక్కలు తీసి, ఆ యంచులను కలిపినచో గోపురమువలె మూసికొని తల యేర్పడును. జిగురును రెండంచులకును పలుచగా పూసి, వ్రేలికి అంటనంతవరకు ఆరనిచ్చి, అప్పుడు ఒక్కసారి కలిపి నొక్కవలెను. మరల సవరించుటకు వీలుండదు. ఈ జిగురు ఘాటైనది. కిటికీలు తెరచి, పిల్లలను దూరముగా నుంచి, పొయ్యికి ఎడముగా పని చేయవలెను.

నోటికి దళసరి అట్టను కోడిగ్రుడ్డు ఆకారముగా, మూడంగుళముల వెడల్పున, ఐదంగుళముల నిడివిన కోసి నడుమ మడువవలెను. లోపలివైపున ఎఱ్ఱని బట్ట అంటింపవలెను. వెనుకవైపున పై సగమునకు నాలుగు వ్రేళ్లు, క్రింది సగమునకు బొటనవ్రేలు దూరునట్లు పట్టీలు కుట్టవలెను. ఆడించువారి చేతి కొలత ముఖ్యము. మా చేతికి సరిపడ చేసిన పట్టీలు పిల్ల వ్రేళ్లకు వదులై జారిపోగా, విప్పి మరల కుట్టితిమి. తల ముందువైపున అడ్డముగ చీల్చి, ఆ చీలిక యంచులకు ఈ అట్టను అంటించినచో నోరగును.

ఇక చర్మము. ఫ్లీసు బట్టను నిలువునను అడ్డమునను లాగి చూడవలెను. ఒక వైపున ఎక్కువగా సాగును. సాగు వైపు తల చుట్టును రావలెను. చేతితో నిమిరిన నూగు ఏ వైపునకు వ్రాలునో అది మొగమున క్రిందికి దిగవలెను. బనియను నమూనాను మేము తలక్రిందులుగా కోసితిమి. నోరు తెరువగానే చెంపలు బిగిసి కుట్లు పిగిలినవి. అదే తప్పు అమ్మ శాలువకు జరిగియున్నచో! రెండంచులను ఎదురెదురుగా నుంచి, ఈ యంచున నొక కుట్టు, ఆ యంచున నొక కుట్టు, నిచ్చెనమెట్లవలె కుట్టుకొనిపోయి దారమును లాగినచో అంచులు లోపలికి మడిగి కలిసికొనును. పిదప సూదిమొనతో నూగును పైకి రేపిన కుట్టు కంటికి కనబడదు. మా మరదలు రెండు రాత్రులు కూర్చుండి ఈ కుట్టు కుట్టినది.

కన్నులకు టేబుల్ టెన్నిసు బంతిని సగముగా కోసితిమి. నల్లపాపలను సరిగా నడుమ దిద్దగా బొమ్మ ఎటో శూన్యములోనికి చూచుచున్నట్లుండెను. చెరిపి, రెండు పాపలను ముక్కువైపునకు రవ్వంత జరిపితిమి. అంతలో అది మమ్ములనే చూచినది! మేనకోడలు ఒక యడుగు వెనుకకు వేసెను. నల్లని ఉన్నిదారముతో కొప్పు, స్పాంజి యుండతో ముక్కు, పొందూరు ఖద్దరు చీర, మణికట్టులకు గొడుగు ఊచలు. ఎడమచేతితో ఆ ఊచలను పట్టుకొని బొమ్మ చేతులను త్రిప్పవచ్చును.

పేరేమి పెట్టుదమని మేము ఆలోచించుచు, తోలుబొమ్మలాటలోని నవ్వులపాత్రలైన కేతిగానిని, జుట్టుపోలిగానిని, బంగారక్కను గూర్చి చెప్పితిమి. రాముడును రావణుడును మాటలాడు నడుమ వచ్చి, ఎవ్వరికిని జంకక నోటికి వచ్చినది అనివేయునది బంగారక్క. పిల్ల కొంతసేపు ఆలోచించి, బొమ్మలో చేయి దూర్చి, దాని నోటితో, “అక్కేంటి? మనవైపు అప్ప అంటాం కదా. నేను బంగారప్పని!” అనెను. ఒక్క తడబాటు లేదు. మా మరదలు వంటయింటిలోనికి పోయి చాలసేపటివరకు రాలేదు.

ఆడించుట చేయుటకన్న కష్టము. మాటకు నోరు తెరచి, మాట ముగియగానే మూయవలెను. పిల్లలు సాధారణముగా దీనికి విరుద్ధముగా చేయుదురు. పై వ్రేళ్లను ఎత్తక బొటనవ్రేలిని దింపవలెను, లేకున్న బొమ్మ ఆకాశమును చూచును. ఒక్కొక్క యక్షరమునకు ఒక్కొక్కసారి నోరు తెరువవలెను. ఇందుచేత మాట తనంతట తానే మెల్లపడును. అద్దము ముందు కూర్చుండి మా మేనకోడలు మూడు దినములు సాధన చేసెను.

సంక్రాంతి సాయంకాలమున కొలువు పెట్టితిమి. ఏటికొప్పాక లక్కబొమ్మలు, కొండపల్లి బొమ్మలు, అమ్మ నాటి మట్టిబొమ్మలు మెట్లపై తీరినవి. ప్రక్కన బల్లకు దుప్పటి కట్టి, వెనుక పిల్లను కూర్చుండబెట్టితిమి. బంగారప్ప తల పైకెత్తి, పేరంటాండ్రను ఒక్కొక్కరినే చూచి, “నా పేరు బంగారప్ప. మాది విజీనారం సోఫాల కొట్టు. మా అమ్మ స్పాంజి, మా నాన్న గొడుగు” అనెను. గది యంతయు నవ్వులతో నిండెను. శనగలు తక్కువ పెట్టిరని మా మరదలిని కోపపడెను. ఒకరి చీర రంగును మెచ్చుకొనెను. పిల్లలు బల్లచుట్టు మూగిరి.

నిరుడు పేరడిగిన పెద్దమ్మగారే ఈయేడును వచ్చియుండిరి. ఆమె నవ్వుచు, “మరి నిన్ను ఆడించేదాని పేరేంటమ్మా?” అనిరి. బొమ్మ నోరు తెరచుకొనెను. మాట రాలేదు. తెరచిన నోరు తెరచినట్లే యుండెను. గదిలో చప్పుడు లేదు. మాలో చిన్నయామె ముందునకు వంగినది. మేమామె చేయి పట్టుకొంటిమి. పొందూరు ముసలమ్మ మాట జ్ఞప్తికి వచ్చినది. లాగరాదు.

బంగారప్ప నోరు మూసికొని, మరల తెరచి, “ఉండండర్రా! నా నోరు కొత్తది. మొన్ననే కుట్టారు. ఇంకా బిగువు వదల్లేదు” అనెను. అందరును పకపక నవ్విరి. నిరుటి నవ్వు వేరు, ఈ నవ్వు వేరు. దీనిని ఆ పిల్లయే కోరి తెప్పించుకొనినది. ఆ నవ్వు అణగిన పిదప పేరు వచ్చెను. మూడు ముక్కలుగా వచ్చెను. కాని సాంతముగా వచ్చెను. పెద్దమ్మగారు కొంగుతో కన్నులద్దుకొని, బొమ్మకు బొట్టు పెట్టి, పసుపుకుంకుమలతో తాంబూలమిచ్చిరి.

నత్తి పోయినదని మేము చెప్పము. పోలేదు. చికిత్స జరుగుచునే యున్నది. బొమ్మ వైద్యురాలికి బదులు కాదు. కాని మా మరదలు వ్రాసిన జాబునుబట్టి, ఇప్పుడు ఇంటికి ఎవరైన వచ్చినచో పిల్ల పెరటిలోనికి పోవుట లేదట. మొన్న బడిలో చేతిలో బొమ్మ లేకుండ లేచి నిలిచి, పద్యము అప్పజెప్పినదట. నడుమ నాగినపుడు, “నోరు కొత్తది” అని తానే యనినదట.

మేము తిరుగు ప్రయాణమున నాగావళి దాటునప్పటికి మూట తేలికయై యుండెను. శాలువలో మిగిలిన పసుపు ముక్కను మా మరదలు మాకిచ్చినది. ఇంకొక బొమ్మకు సరిపోవును. సోదరీమణులారా, మీ పెట్టెలలోను అట్టి శాలువ యేదో యుండకపోదు. మొదట బనియను బట్టతో నమూనా చేసికొనుట మరువకుడు.